గంటకి పావు యూనిట్

"మీరు బిగించిన ఫ్యాను కరెంటు తాగేస్తోంది."

కౌంటరు మీద కరెంటు బిల్లు పెట్టి ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అది. నేను స్టూలెక్కి పై అరలో బల్బు హోల్డర్లు వెతుకుతున్నాను. కిందికి చూస్తే ఒక గొడుగు, ఒక నోట్‌బుక్కు, కోపంతో ఎర్రబడ్డ ఒక ముక్కు కనబడ్డాయి.

"ఏ ఫ్యానండీ?"

"మా హాల్లోది. మూడు నెలలైంది మీరొచ్చి బిగించి. అప్పట్నుంచీ బిల్లు డబులు. కావాలంటే చూడండి, గ్రాఫ్ కూడా గీశాను."

నిజంగానే గీసింది. నెలలు అడ్డంగా, యూనిట్లు నిలువుగా, స్కేలు పెట్టి మరీ. ఆ ఫ్యాను బిగించిన రోజు ఇంట్లో వాళ్ళ నాన్న ఒక్కరే ఉన్నారు. ఈ ముక్కుని నేను చూడ్డం ఇదే మొదలు.

మా మేనమామ కళ్ళద్దాల పైనుంచి తొంగిచూశాడు. షాపు ఆయనది, నాకు పని నేర్పిందీ ఆయనే. "బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ కదూ?" అన్నాడు మెల్లగా. అంటే, నోరు అదుపులో పెట్టుకోరా అని అర్థం.

"ఫ్యాను అంత తాగితే ఈపాటికి ఒళ్ళు చేసి కిందపడి ఉండేదండీ," అనేశాను.

ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఆ ఆపుకోవడం నేను చూశాను. నా కొంప మునిగింది అక్కడే.

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. మీటరు మెట్ల కింద ఉంది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని మెడలు వంచితే తప్ప కనబడదు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ ఆపించాను. మీటరు మీద ఎర్రలైటు కాసేపు నిద్రపోయి, ఉన్నట్టుండి గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను చెబుతున్నది మీటరు సంగతే.

"అన్నీ ఆపాం కదా! మరి ఇదేంటి?" అందామె.

"అదే తేలాలి. ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెడదాం. ఇద్దరం విడివిడిగా."

ఆమె హాజరు పిలిచినట్టు పైకే లెక్కపెట్టింది. "నలభై ఒకటి, నలభై రెండు..." ముఖం మీద పడుతున్న జుట్టుని చెవి వెనక్కి తోసింది. అది మళ్ళీ పడింది. నిమిషం అయిపోయింది.

"మీకెంత వచ్చింది?"

"ఏంటండీ?"

"లెక్క!"

"నేను... మీ లెక్క వింటూ ఉండిపోయాను."

"ఏం ఎలక్ట్రీషియనో," అంది. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

వాళ్ళ నాన్న మెట్ల మీంచి తల వంచి, "దొరికిందా దొంగ?" అని అడిగారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"లేదు నాన్నా. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను ఎనిమిదికి బడికి వెళ్తే ఐదుకి వస్తాను. మరి ఇంత కరెంటు ఎవరు కాలుస్తున్నట్టు?"

"నన్నంటావేం తల్లీ? నేను జన్మంతా కాల్చింది డీజిలే!"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఆయన నవ్వు ఒక్కటే ముందుగా ఆగిపోయింది. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

మెయిన్ బోర్డులో ఒక్కో గది లైనూ ఆపుతూ పోయాను. వెనక గది లైను ఆపగానే మీటరు మీద లైటు ఠక్కున ఆగింది. మళ్ళీ వేసి, ఒక్కణ్ణే వెనక గదికి వెళ్ళాను. సామాన్లు పెట్టుకునే గది. దాన్ని ఆనుకుని ఎవరూ వాడని స్నానాలగది, అందులో పైన ఒక పాత గీజరు. పైపు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. పెరటి గోడ దగ్గర ఆ పైపు జాయింటు నుంచి వేణ్ణీళ్ళు చుక్కచుక్కగా కాలవలోకి పోతున్నాయి. గీజరు స్విచ్ ఎక్కడా అని చూస్తే, గోడకి చేర్చిన బీరువా సందులోంచి సన్నగా ఎర్రటి వెలుతురు కనబడింది. మూడు నెలల కింద ఇల్లు సర్దుతూ బీరువాని అక్కడికి జరిపారన్నమాట. వెనక స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. నీళ్ళు కారుతుంటాయి, గీజరు మళ్ళీ మళ్ళీ కాగుతుంటుంది. నా అంచనా గంటకి పావు యూనిట్.

పది నిమిషాల్లో తేలిపోయింది. సంతోషంగా వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఆమె నోట్‌బుక్కు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైనా తెలిసిందా? లేకపోతే ఒక పని చేస్తాను. ఇంట్లో ఉన్నంతసేపూ గంట గంటకీ రీడింగ్ చూసి మీకు ఫోన్ చేసి చెప్పనా? వారం రోజుల లెక్క ఉంటే తేలుతుందేమో!"

గంట గంటకీ ఫోన్. వారం రోజులు.

"ఇంకా... చూడాలండీ," అన్నాను. "రీడింగ్‌లు ఉంటే మంచిదే."

అంతే. నేనన్నది అంతే. గీజరు ప్రమాదకరంగా ఏమీ లేదని మాత్రం చూసుకున్నాను. నా మంచితనం అక్కడితో సరి.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది.

"ఆరు గంటల రీడింగ్. రాసుకుంటున్నారా?"

"రాసుకుంటున్నానండీ."

"పెన్ను చప్పుడు రావట్లేదే?"

"పెన్సిలండీ."

రెండో రోజుకి రీడింగ్‌తో పాటు బళ్ళో పిల్లల కబుర్లొచ్చాయి. మూడో రోజు నా చిన్నప్పటి సంగతులడిగింది. నాకు లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటలేదని చెబితే, "మీటరు దగ్గరే తెలిసింది లెండి," అంది. ఏడు గంటల రీడింగ్ పూర్తయ్యేసరికి ఎనిమిది గంటల రీడింగ్ టైమయ్యేది. నాలుగో రోజు సాయంత్రం పెద్ద వాన. ఫోన్ మోగింది.

"రీడింగ్ మారలేదు," అంది.

"కరెంటు పోయిందా?"

"గంటైంది పోయి."

"మరి మారదుగా?"

"మారదని నాకూ తెలుసు. అయినా చెప్పాలనిపించింది."

ఇటు వాన చప్పుడు, ఫోన్లోంచి అటు వాన చప్పుడు. ఇద్దరం ఆ వానే వింటూ కూర్చున్నాం. అంత సంతోషం నాకు ఊహ తెలిశాక ఎరగను. ఆ సంతోషంలోనే ముల్లు ఒకటి గుచ్చుకుంది. ఈమెతో నేను రోజూ అబద్ధమాడుతున్నాను.

రేపు చెప్పేస్తాను అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం షాపులో కూర్చుని నేను రాసిన అంకెలు చూసుకుంటున్నాను. పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం ఐదుకీ మధ్య, మొదటి రోజు నాలుగు యూనిట్లు కాలింది. తర్వాత మూడు. నిన్న రెండుంపావు. రెండుంపావు అంటే తొమ్మిది గంటల గీజరు లెక్క ఒక్కటే. మరి ఫ్రిజ్ ఏమైంది? ఫ్యాను ఏమైంది? ఈ ఉక్కలో ఆ పెద్దాయన రోజంతా ఇంట్లోనే కదా ఉండేది?

బండి తీశాను.

తలుపు తీసిన మనిషి బనియను పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా ఉంది. హాల్లో ఫ్యాను ఆగి ఉంది. ఫ్రిజ్ ఆపేసి ఉంది. కిటికీ పక్కన కుర్చీ, దాని మీద విసురుకోవడానికి మడిచిన పేపరు.

"ఏంటండీ ఇది? ఫ్యాను పాడయిందా?"

"లేదు బాబూ. నేనే మానేశాను." చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించారు. "అమ్మాయికి చెప్పకు. అది వెళ్ళగానే అన్నీ ఆపేస్తా, వచ్చేముందు మళ్ళీ వేస్తా. అది నన్నేమీ అనలేదులే. కానీ పగలంతా ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే కదా. ఎవరు కాలుస్తున్నట్టు మరి? చెట్టంత మనిషిని, సంపాదన లేదు, దానికి బరువు కాకుండా అయినా ఉండాలిగా."

నేను ఫోన్లో ముచ్చట్లాడుకుంటున్న వారమంతా ఈయన చెమటలో నానుతూ కూర్చున్నారు.

గబగబా ఫ్యాను వేశాను. వెనక గదిలోకి వెళ్ళి బీరువా జరిపి గీజరు స్విచ్ ఆపాను. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డారు.

"మీరు కాదండీ. ఇది. ఆదివారమే నాకు తెలుసు."

"ఆదివారమా? మరి చెప్పలేదేం?"

"చెబితే మీ అమ్మాయి ఫోన్లు ఆగిపోతాయని."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కొట్టినా బావుండేది. కొట్టలేదు. హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని అన్నారు. "ఒక పని చెయ్యి. ఇవాళే దొరికిందని చెప్పు. నేనెందుకు కాదంటాను? అది నీతో మాట్లాడి ఫోన్ పెట్టాక ఇల్లంతా కూనిరాగం తీస్తూ తిరుగుతోందయ్యా. దాన్నెందుకు చెడగొట్టడం?"

కూనిరాగం! ఆ మాట వినకపోయినా బావుండేది. చెబితే ఆ రాగం ఆగిపోతుంది. చెప్పకపోతే ఈయన ఇన్ని రోజుల చెమట మీద కూర్చుని నేను ప్రేమించాలి.

"లేదండీ. నేనే చెబుతాను," అన్నాను.

ఐదుకి వాన మొదలైంది. గాలికి తిరగబడ్డ గొడుగుతో ఆమె తడిసి ముద్దయి వచ్చింది. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"అరె, మీరా! వారం కాలేదే. అప్పుడే తేలిందా?"

"ఆదివారమే తేలిందండీ." ఆగితే మళ్ళీ చెప్పలేనని భయమేసి, ఆగకుండా చెప్పేశాను. బీరువా, గీజరు, ఫోన్లు, రెండుంపావు, ఆపేసిన ఫ్యాను, అన్నీ. "మీ గొంతు వినాలని దాచాను. నా వల్ల మీ నాన్నగారు..."

"ఆదివారం నుంచి," అందామె. ముఖం మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "గంట గంటకీ లేచి మెట్ల కింద దూరి అంకెలు చూశాను. మీరు రాసుకుంటున్నారనుకున్నాను."

"రాసుకున్నానండీ..."

"వెళ్ళండి."

వెళ్ళాను. వానలో బండి స్టార్టు కాలేదు. తోసుకుంటూ పోయాను.

షాపులో విషయం విని మా మేనమామ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "దొరికిన ఫాల్టుని దాచావా? నా దగ్గర పదేళ్ళు నేర్చుకున్నది ఇదేనా?" రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే వాళ్ళ పైపు జాయింటు మార్చి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, "మంచినీళ్ళిచ్చారు," అన్నాడు.

పదకొండు రోజులు గడిచాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డం, పేరు చూసి చల్లబడ్డం, ఇదే పని. పన్నెండో రోజు ఆమే షాపుకి వచ్చింది.

"హాల్లో ఫ్యానుది తప్పేం లేదు. ఊరికే నిందేశాను. సారీ చెప్పడానికొచ్చాను."

"పర్లేదండీ."

"మీరు చేసినదానికి మాత్రం పర్లేదని నేననను." కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. "మీ మీద ఎంత కోపమో, నా మీద అంతకంటే ఎక్కువ. నాన్న అలా ఉడికిపోతుంటే నేను మీటరు చూశాను గానీ ఆయన ముఖం చూడలేదు. 'ఎవరు కాలుస్తున్నట్టు' అన్నది కూడా నేనే."

నేను స్టూలు ఆమె వైపు జరిపాను. ఆమె కూర్చోలేదు.

"నాన్నేమో మీ పక్షం. తప్పించుకునే దారి చూపించినా పోలేదే అని రోజూ అదే పాట. మీరు వారం అబద్ధమాడి, ఒక్క నిమిషం నిజం చెప్పారు. ఆయన ఆ నిమిషం దగ్గర కూర్చున్నారు. నేనింకా ఆ వారం దగ్గరే ఉన్నాను."

"అక్కణ్ణుంచి కదలడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"తెలీదు." కౌంటరు అంచు వదిలేసింది. "అసలు అంత నాటకం ఎందుకు? మాట్లాడాలనుంది అని అడిగి ఉండొచ్చుగా?"

"అడిగితే?"

"అడిగితే కదా తెలిసేది!" అనేసి, విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మా మేనమామ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అంతకంటే వివరంగా చెప్పాలంటే ఆ పిల్ల బోర్డు మీద రాయాల్రా," అన్నాడు.

ఆ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఉత్త చేతుల్తో వాళ్ళ తలుపు కొట్టాను. వాళ్ళ నాన్న తీశారు.

"ఏం బాబూ? ఏదైనా రిపేరా? మేం పిలవలేదే!"

"రిపేరేం లేదండీ. మీ అమ్మాయంటే నాకిష్టం. అది దాచి ఒకసారి అంతా చెడగొట్టుకున్నాను, అందుకే గుమ్మంలోనే చెప్పేస్తున్నాను. ఆవిడతో కాసేపు మాట్లాడాలని వచ్చాను. ఇంకే కారణం లేదు."

ఆయన నన్ను చూస్తూనే లోపలికి కేకేశారు. "అమ్మా, కరెంటబ్బాయి వచ్చాడు. పనేం లేదట!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. నేను చెప్పులు విప్పాలో, అలాగే తిరిగి వెళ్ళిపోవాలో తెలియక నిలబడ్డాను.

"పని మీద వచ్చినవాళ్ళయితే పని చూసుకుని వెళ్ళిపోతారు నాన్నా," అంది లోపల్నుంచి. "ఏ పనీ లేకపోతే కూర్చోమనండి."

కూర్చున్నాను.