కొట్టేసిన వాక్యం

గురువారం ఉదయం ఆరు నలభైకి, కొడుకు ఫారం మీద సంతకం పెట్టనని పాస్టరు చెప్పాడు.

ఫారం వంటింటి బల్ల మీద ఉంది. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. సైన్యం నుంచి పిలుపు వచ్చి తొమ్మిది రోజులైంది. మనిషిని చంపడం తన విశ్వాసానికి విరుద్ధమని అతను మినహాయింపు కోరాడు. పాస్టరు ధ్రువీకరించాల్సిన వాక్యం ఫారంలో ముందే అచ్చయి ఉంది: "మా సంఘం యుద్ధంలో పాల్గొనడాన్ని నిషేధిస్తుంది." విచారణ పదిన్నరకి.

ఆ వాక్యం అబద్ధమని పాస్టరు అన్నాడు. బలహీనుల్ని కాపాడడానికి ఆయుధం పట్టవచ్చని ప్రసంగించింది తనే. ఈ ఏడాది పదకొండు మంది కుర్రాళ్లను తల మీద చెయ్యి పెట్టి పంపాడు. వాళ్లలో ఇద్దరికి సమాధి ప్రార్థన చేశాడు.

భార్య పొయ్యి ఆర్పి వచ్చింది.

"పెళ్లిళ్లలో ప్రతి పెళ్లికొడుకునీ బంగారమని పొగుడుతారు. అప్పుడు అడ్డురాని నిజం ఇప్పుడొచ్చిందా?"

"ఆ ఇద్దరి తల్లులూ ఆదివారం ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ల మొహం ఎలా చూడను?"

కొడుకు బూట్ల తాళ్లు కట్టుకుంటూ తలెత్తలేదు. "అవతలి వైపూ అలా కూర్చునే అమ్మలుంటారు నాన్నా. ఇంకొకావిణ్ణి నేను చేర్చలేను."

"వాళ్ల సైనికులు మన వీధిలోకొచ్చి మీ అమ్మ మీద పడితే?"

"అడ్డం పడతాను. చంపను."

"చస్తావురా."

"చావొచ్చు."

తల్లి కుర్చీలో కూలబడింది. ఎవరూ టిఫిన్ తినలేదు.

విచారణ ఆఫీసు మెట్ల మీద పాస్టరు కొడుకు చేతిలోంచి ఫారం తీసుకున్నాడు. అచ్చు వాక్యాన్ని కొట్టేసి కింద రాశాడు: "మా సంఘం నిషేధించదు. నా కొడుకు మనస్సాక్షి నిషేధిస్తుంది." సంతకం పెట్టాడు. భార్య పక్కన నిలబడి చదివింది.

లోపల ముగ్గురు సభ్యులు. సైనికుల్ని ఆశీర్వదిస్తున్నది నిజమేనా అని అధ్యక్షుడు అడిగాడు.

"నిజమేనండీ. పదకొండు మందిని. చంపగలవా బాబూ అని ఒక్కణ్ణీ అడగలేదు." పాస్టరు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "చనిపోయిన ఇద్దర్లో చిన్నవాడు, ఆశీర్వదించిన రోజు నా చెయ్యి వదల్లేదు. భయమనుకున్నాను. ఏదో చెప్పాలనుకున్నాడేమో. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉంటే, నేనే చెయ్యి విడిపించుకున్నాను."

కొడుకు లేచి వెళ్లి తండ్రి పక్కన నిలబడి, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

పన్నెండుంబావుకి నిర్ణయం చదివారు. అచ్చు వాక్యం మార్చిన ఫారం చెల్లదు, మినహాయింపు లేదు. సభ్యుల్లో ఒకరైన డాక్టరు సూచన మీద అతన్ని గాయపడినవాళ్లను మోసుకొచ్చే దళానికి కేటాయించారు. అదీ యుద్ధంలో ముందు వరసకే.

తల్లి ఇద్దరినీ వదిలి మెట్లు దిగిపోయింది. గేటు దగ్గర ఆగి, వాళ్లు వచ్చేదాకా నిలబడింది. ముగ్గురూ కలిసి ఇంటికి నడిచారు.

సోమవారం మూడు గంటలకు సైన్యం బస్సు బయల్దేరింది. అందులో ముప్పై ఆరు మంది ఉన్నారు. ముప్పై ఐదుగురికి తుపాకులిచ్చారు.