తిట్టుకోవడానికో గోడ

"గోడ తీసేస్తే, ఇంటికొచ్చినోళ్ళని నేను ఏడ తిట్టుకునేది పాపా?"

నీహారిక చేతిలో టేపు అలాగే ఆగిపోయింది. కిచెన్ డిజైనర్‌గా ఆమెను చాలామంది చాలా అడిగారు. చిమ్నీ చప్పుడు చేస్తుందా, గ్రానైట్ మీద పసుపు మరక పోతుందా, కొత్త స్టవ్ మీద దోసె ఎర్రగా వస్తుందా అని. ఇలాంటి ప్రశ్న మాత్రం ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు.

"అసలు తిట్టుకోవడం ఎందుకండీ?" అంది బెజవాడ మర్యాదతో.

"బాగా అడిగినావు! ఆ మనిషి తాగను కాపీ మింద కాపీ అడిగితే తిట్టుకోవద్దా?" అంది చెంగమ్మ, హాల్లో పేపరు చదువుతున్న భర్త ఆదిమూలం వైపు చూపిస్తూ. "చెప్పకుండా చుట్టాలు దిగితే? ముందర నవ్వాల, వంటింట్లోకి వచ్చి తిట్టుకోవాల. ఈ గోడ ఉండబట్టే కదా మా సంసారం ఇన్నేండ్లు నిలబడిండాది!"

చెన్నై పురసవాక్కం సందులో తాతల నాటి ఇల్లది. టేకు స్తంభాలు, దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాసు టెర్రస్ కప్పు, మూరెడు మందం సున్నపు గోడలు. హాలు నిండా వెలుతురే. వంటిల్లు మాత్రం పగలే లైటు వేసుకోవాల్సిన చీకటి కొట్టు. మధ్య గోడ తీసేసి రెండూ ఒకటి చేయాలన్నది కొడుకు శ్రీకుమార్ కోరిక.

"ఈడ గోడ పగలగొట్టాల మేడమ్," అన్నాడు మొదటి రోజున. "మా అమ్మ ఇన్నేండ్లుగా టీవీ సీరియల్ని చెవుల్తోనే చూస్తా ఉండాది. ఇంకనైనా కండ్లతో చూడాల. మేమంతా ఆడ, ఆమె ఒక్కతే ఈడ. నాకు బాగలేదు."

"ఈడా? ఆడా?" అని నవ్వింది నీహారిక.

అమ్మకోసం ఇల్లు పగలగొట్టుకునే మగవాడు ఆమెకు అప్పుడే సగం నచ్చేశాడు. కానీ ఏం లాభం? ఆ రోజు నుంచీ ఆ మహానుభావుడి నోటికి తాళం పడింది.

"శ్రీకుమార్ గారూ, టైల్స్ పచ్చవా, బూడిద రంగువా?"

"మీ ఇష్టం మేడమ్."

"సింకు కిటికీ కిందా, పక్కగోడకా?"

"సరి మేడమ్."

"సరి ఏంటండీ? రెండింట్లో ఏది?"

"రెండూ సరి మేడమ్."

తల గోడకేసి కొట్టుకుందామంటే ఆ గోడ కూడా రేపో మాపో పోయేదే!

పోనీ మనిషే మూగా అంటే, కాదు. హార్బర్ దగ్గర సరుకులు విడిపించే ఆఫీసులో ఉద్యోగం అతనిది. ఫోన్ మోగితే చాలు, తమిళంలో ఉరుములు, మెరుపులు. కంటెయినర్ ఆలస్యం చేసినవాడిని ఉతికి ఆరేసేవాడు. ఫోన్ పెట్టేసి ఈమె వైపు తిరగ్గానే బెల్లం కొట్టిన రాయి. ఆమె కొలతలు రాసుకుంటూ తలెత్తితే మాత్రం ఆ రెండు కళ్ళూ తన మీదే ఉండేవి. వెంటనే కప్పుకేసి చూస్తూ దూలాలు లెక్కపెట్టేవాడు.

నాతో మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అని ఉడుక్కునేది నీహారిక.

చివరికి చెంగమ్మతో రాజీ కుదిరింది. కొత్త వంటింటి మూలన చిన్న స్టోర్ రూమ్, గట్టి తలుపుతో సహా. "మీకు ఒళ్ళు మండినప్పుడల్లా అందులోకెళ్ళి తలుపేసుకుని తిట్టుకోండి," అంది నీహారిక. చెంగమ్మ కాసేపు ఆలోచించి, బియ్యం డబ్బా మీద కూర్చుని తిట్టుకునేంత చోటు కావాలంది. సరేనని అదీ గీసిచ్చింది.

గోడ పోయి, దాని చోట ఇనుప దూలం ఎక్కిన రోజున ఉన్నట్టుండి వాన కుమ్మేసింది. నీహారిక, శ్రీకుమార్ గుమ్మం ముందర టార్పాలిన్ కింద ఇరుక్కుపోయారు. అతని మోచెయ్యి తగిలీ తగలనట్టు ఉంది. ఇదే అదను అనుకుంది.

"మా ఆఫీసువాళ్ళు కోయంబత్తూరు బ్రాంచి చూసుకోమంటున్నారండీ. ఈ పని కాగానే వెళ్ళాలి. నేనింకా ఏ మాటా చెప్పలేదు."

ఇంతకన్నా ఆడపిల్ల ఏం చెప్తుంది? అతను గొంతు సవరించుకున్నాడు. వానను చూశాడు. ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి.

"కంగ్రాట్స్ మేడమ్. కోయంబత్తూరులో క్లైమేట్ బాగుంటాది."

క్లైమేటట, క్లైమేటు! ఆటోలో ఇంటిదాకా పళ్ళు నూరుకుంటూనే ఉంది. వెళ్ళిపోతాను, హాయిగా ఆ క్లైమేటేదో అనుభవిస్తాను అనుకుంది. అనుకుంటూ ఏడ్చింది కూడా.

పాలు పొంగించిన రోజున ఆమెను భోజనానికి పిలిచారు. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో 'వెళ్తాను' అని చెప్పేయాలని గట్టిగా అనుకునే వచ్చింది. హాల్లో శ్రీకుమార్ ఎదురుగా కూర్చుని, అతని ముఖం తప్ప మిగతావన్నీ చూసింది. కొత్త వంటింట్లో చెంగమ్మ వీళ్ళకు వీపు పెట్టి వంజరం చేప ముక్కలు వేయిస్తోంది.

"చెంగమ్మా, కాపీ!" అన్నాడు ఆదిమూలం.

"ఇదో తెస్తాండా!" అంది చెంగమ్మ తేనె పూసిన గొంతుతో. స్టోర్ రూమ్‌లోకి పోదామంటే పెనం మీద చేప మాడుతుంది. అందుకని ఉన్నచోటనే, పాత గోడ వెనక గొణుక్కున్నట్టే మొదలెట్టింది.

"అన్నం వేళకు కాపీ అంట. కడుపా, డ్రమ్మా?"

ఆదిమూలం చేతిలో పేపరు కిందికి దిగింది. చెంగమ్మ అట్లకాడతో చేపను తిరగేసింది.

"తండ్రి నోరు మూయడు, కొడుకు నోరు తెరవడు. ఆ పిల్ల ఊరు విడిచి పోతానంటే కంగ్రాట్సంట! బాత్రూములో తలుపేసుకోని 'నీహారిక గారూ, మీతో ఒక విషయం మాట్లాడాలి' అని అద్దానికి చెప్తాడు. మన తెలుగు విని ఆ పిల్ల మొదటి దినమే నవ్విందంట. మళ్ళా నవ్వతాదని సిగ్గంట. టీవీలో వార్తలోళ్ళని చూసి మాట్లాడను నేర్చుకుంటాండాడు, పావం. వీడు నేర్చుకునేలోపల ఆ పిల్లకు పెండ్లయి పిల్లకాయలు పుడతారు!"

శ్రీకుమార్ చెవులదాకా ఎర్రబడిపోయి వీధి గుమ్మం వైపు లేచాడు.

"ఆగండి!" అంది నీహారిక. ఆ నవ్వు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఛీ, ఒక్క నవ్వుకి ఇన్నాళ్ళ నరకమా! "ఆ నవ్వుకా మీరు నాతో మాట్లాడటం మానేసింది?"

"అంటే... నేను మీతో ఒక విషయం..." అని వార్తల గొంతుతో మొదలెట్టాడు.

"ఆ తెలుగు వద్దు! కంటెయినర్ వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడండి."

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"సరి. నువ్వు కోయంబత్తూరు పోవద్దు. నువ్వు రాని దినం ఈ ఇంట్లో నాకేం బాగుండదు. పచ్చ టైలో, బూడిద టైలో నాకేం తెలుసు? నేను టైల్సు ఏడ చూసినాను? నిన్నే చూస్తా ఉన్నా. నువ్వంటే నాకు ఇష్టం. నవ్వాలంటే ఇప్పుడు నవ్వుకో!"

నీహారిక నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు ముద్దొచ్చి నవ్వాను, మొద్దూ! కోయంబత్తూరూ లేదు, క్లైమేటూ లేదు. నేనెక్కడికీ పోను."

చెంగమ్మ గిరుక్కున తిరిగింది. చేతిలో అట్లకాడ.

"అయ్యయ్యో! అంతా వినబడిందా?"

"డ్రమ్ముతో సహా," అన్నాడు ఆదిమూలం.

ఆమె నెత్తి కొట్టుకుంది. తర్వాత స్టవ్ ఆపి, చెంగుకు చేతులు తుడుచుకుని, ఒకప్పుడు గోడ ఉన్నచోటు దాటి వచ్చింది. నీహారిక గడ్డం పట్టుకుంది. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ నోరు ఊరుకోదు కదా.

"అది సరి పాపా. గోడ నువ్వే తీపిచ్చినావు. రేపు నా కోడల్ని నేను ఏడ తిట్టుకునేది?"

"ఈడనే అత్తా," అంది నీహారిక. "నాకు వినబడేటట్టు."