నాలుక లేనివాడి పెన్సిలు

రైసీబె టీచరమ్మ సంచిలో ఏ రోజు చూసినా రెండు వస్తువులు తప్పకుండా ఉండేవి. ఒకటి, మొక్కజొన్న సంకటీ ఆకుకూరా సర్దిన డబ్బా. రెండోది, జాంబీల బొమ్మల నవల.

ఆవిడకి చదువు పిచ్చి. సబ్బు చుట్టిన కాగితం దగ్గర్నుంచి చావుల్లో పంచే పత్రం దాకా అక్షరం కనబడితే చదివితీరాల్సిందే. అయినా ప్రాణమంతా ఆ నడిచే శవాల పుస్తకాల మీదే. నెలకోసారి పొలొక్వానే పట్నం వెళ్ళి, పాత పుస్తకాల కొట్లో దుమ్ములో కూర్చుని వెతికి తెచ్చేది. పుర్రెలు, పురుగులు, తెగిపడ్డ చేతులు... అట్టల మీద అన్నీ అవే. "ఇవా అమ్మా పిల్లలకి?" అని హెడ్మాస్టరు తల పట్టుకునేవాడు.

"చదవమంటే ఏడ్చేవాళ్ళు, వీటిని చదవొద్దంటే ఏడుస్తున్నారండీ," అనేది ఆవిడ.

ఆ కిటుకు తెలిసింది తమ్ముడు మటోమె వల్ల. పదేళ్ళొచ్చినా వాడికి అక్షరాలు తలకెక్కలేదు. వాళ్ళ రాతలో పాములా మెలిక తిరిగే అక్షరం ఒకటుంది. దాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాసేవాడు. వాళ్ళ భాషలో అక్కని 'సెసి' అంటారు. అందులో ఆ అక్షరం రెండుసార్లొస్తుంది. రెండుసార్లూ తిరగబడేది. వాక్యం చివర చుక్క పెట్టరా అంటే చిన్న సున్నా చుట్టేవాడు. కొట్టి చూసింది, బతిమాలి చూసింది. చివరికి విసుగెత్తి ఒక జాంబీ పుస్తకం వాడి ముందు పడేసింది. మూడు నెలల్లో గడగడా చదివేశాడు. తిరగబడ్డ అక్షరం మాత్రం పోలేదు, సున్నా కూడా పోలేదు.

పధ్నాలుగు నెలల కిందట తేయాకు తోట కూలీలతో కొండ దిగుతున్న ట్రాక్టరు ట్రాలీ బోల్తాపడింది. అందులో ఉన్న మటోమెకి అప్పటికి ఇరవైనాలుగేళ్ళు. మొహం చూడొద్దన్నారు. మూత బిగించిన పెట్టెనే పాతిపెట్టారు.

మూత బిగించిన పెట్టె అంటే ఆ కొండ ఊళ్ళలో ఇంకో అర్థం కూడా ఉంది. లోపలున్నది అరటి బోదే అంటారు. మనిషిని ఎవరో ఎత్తుకుపోయి, నాలుక కోసి, చీకటి గదిలో దాచి పొలం పని చేయించుకుంటున్నారంటారు. రైసీబె విని నవ్వేది. నవ్వి, ఇంటికెళ్ళి తలుపేసుకునేది.

ఆ మంగళవారం కొండ మీది పొగమంచు కిటికీల దాకా దిగింది. ఏడో తరగతికి జిరాక్సు కాగితాలు పంచింది టీచరమ్మ. బొమ్మలో ఇంటి లోపల ఒక ఆడమనిషి, తలుపవతల ఒక శవం. శవం నోటి దగ్గరున్న మాటల బుడగలో అక్షరాలని వైట్‌నర్‌తో చెరిపేసింది.

"వీడేమంటున్నాడో మీరే రాయండి."

"'ఊ...' అంటాడు టీచరమ్మా. పుస్తకంలో జాంబీలన్నీ అంతేగా."

"మనూరివి అదీ అనవు," అంది వెనక బెంచీలోంచి మొక్గాడి, ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడని పిల్ల. "నాలుకే లేదుగా! వాడికి బుడగెందుకు? పెన్సిలిచ్చెయ్యండి, రాసిస్తాడు."

తరగతంతా గొల్లుమంది. కంచె అవతల నుంచి కూడా ఒక నవ్వు వినిపించింది. మొసిబుది అవ్వ! కట్టెల మోపు దించుకుని, కంచెకి చేరగిలబడి వింటోంది. పిల్లల నవ్వు టక్కున ఆగిపోయింది.

అవ్వకి పిల్లాజెల్లా లేరు. ఊరి చివర ఇల్లు. మటోమె బతికున్నప్పుడు ఆదివారాలు వెళ్ళి ఆవిడ చేలో కలుపు తీసిపెట్టేవాడు. వాడు పోయాక కూడా ఆ చేలో కలుపు మొక్క మొలవలేదు. ఒక్క ముసలి ప్రాణం, అంత చేను... ఎవరు తీస్తున్నారు? ఊళ్ళో అందరి నోటా అదే మాట.

బడి వదిలాక అవ్వ గేటు దగ్గరికొచ్చింది. "ఆ చచ్చినోళ్ళ పుస్తకం ఒకటియ్యి తల్లీ. ఆ కాయితం కూడా."

"నీకు చదవడం రాదుగా అవ్వా?"

"కళ్ళున్నాయిగా. బొమ్మలు చూస్తా."

"జడుసుకుంటావు."

"నన్ను చూస్తేనే ఊరు జడుసుకుంటోంది. అవి నాకు తోడుంటాయిలే." కాగితం మడిచి రవికలో దోపుకుంది. "శనారం మా ఇంటికి రా. నీకొకటి చూపిస్తా."

బుధవారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో పిడుగు పడింది. వ్యాను డ్రైవరు లెసిబా వాళ్ళ తమ్ముడు నిలబడ్డ చోటే కాలిపోయాడు. వాన లేదు. మబ్బు కూడా సరిగ్గా లేదు. పిడుగు దానంతటదే పడదు, ఎవరో పంపాలి అనుకునే ఊరది. గురువారానికి గొణుగుడు మొదలైంది. శుక్రవారానికి ఆ గొణుగుడుకి ఒక పేరొచ్చింది.

శనివారం పొద్దున్న రైసీబె గుమ్మం మీద అవ్వ పట్టుకెళ్ళిన పుస్తకం ఉంది. లోపల కాగితం. మాటల బుడగ నిండా వణుకుతున్న పెద్ద పెద్ద అక్షరాలు.

*అక్కా తలుపు తియ్యి ఆకలేస్తోంది నా నాలుక కోసేశారు అందుకే రాస్తున్నా*

'అక్కా' అన్నచోట, ఆ 'సెసి' దగ్గర ఆవిడ కళ్ళు ఆగిపోయాయి. పాము అక్షరం రెండు చోట్లా తిరగబడి ఉంది.

గుమ్మంలోనే కూర్చుంది. కాగితం మీద మట్టి వేలిముద్రలు. మట్టి వాసన, పొగ వాసన. ఎంతసేపు చదివిందో... ఇన్ని పుస్తకాలు చదివిన మనిషి ఆ ఒక్క కాగితాన్ని చదివి చదివి చిల్లు పడేట్టు చదివింది. చివర సున్నా లేదు. అది ఆవిడ కంటపడింది. పడ్డా, పడనట్టే ఊరుకుంది. వాడు రాసుంటే బాగుండును. ఎక్కడో ఒకచోట, నాలుక లేకుండానైనా సరే, ఉంటే బాగుండును.

కాగితం పట్టుకుని అవ్వ ఇంటివైపు పరుగెత్తింది. దారిలో, పిడుగుకి పోయినవాణ్ణి పాతిపెట్టి శ్మశానం నుంచి తిరిగొస్తున్న జనం ఎదురయ్యారు. నలభై, యాభై మంది మగవాళ్ళు. చేతుల్లో గుంట పూడ్చిన పారలు. ముందు లెసిబా.

"ఎక్కడికి టీచరమ్మా? ఏంటది చేతిలో?"

మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఆ క్షణంలో ఆ పని చేసుంటే సరిపోయేది.

"మా తమ్ముడు," అంది రైసీబె. "మొసిబుది అవ్వ ఇంట్లో ఉన్నాడు. ముందు వాణ్ణి బయటికి తియ్యండి... ఆ తరవాత మీ ఇష్టం."

కాగితం చేతులు మారింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. అందుకే ఆవిడకి భయమేసింది. పొగమంచులో పారలు నేలకి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అవ్వ వాకిట్లో మొక్కజొన్న వలుస్తోంది. జనం మధ్యలో టీచరుని చూసి మొహం విప్పారింది. "వచ్చావా తల్లీ! చదివావా? ఉండు, తెస్తా..."

లేవబోయింది. మొదటి రాయి నోటికి తగిలింది.

కుండ పగిలినట్టు చప్పుడు.

"చెప్పవే! ఎక్కడ దాచావు? ఎంతమందిని దాచావు?" లెసిబా ఆవిడ జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు.

అవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. రక్తం వచ్చింది. సొంత పళ్ళ మధ్యే నాలుక తెగి, ఒక పేలికలా వేలాడుతోంది. "ఆ... ఆ..."

"చూడండ్రా! వాళ్ళకి చేసిందే దీనికీ అయ్యింది!" ఎవడో పగలబడి నవ్వాడు.

పార వెనక వైపుతో కొట్టారు. కుడి మోచెయ్యి విరిగింది. మోకాళ్ళ మీద కొట్టారు. అవ్వ పడిపోయి, ఎడమ చెయ్యి చాపి, వేలితో మట్టిలో ఏదో గీస్తోంది. రైసీబె జనాన్ని తోసుకుంటూ, గోళ్ళతో రక్కుకుంటూ లోపలికి దూరింది. మట్టిలోకి చూసింది.

*సెసి.*

రెండు పాము అక్షరాలూ... తిరగబడి.

పెద్ద పెద్ద, వణుకుతున్న అక్షరాలు. కాగితంలో ఉన్నవే.

"ఆగండి!" గొంతు చీలిపోయేలా అరిచింది. "ఈవిడే! ఆ కాగితం రాసింది ఈవిడే! వాడు కాదు! నేనే... నేనే పాఠం ఇచ్చాను!"

"ఇందాక తమ్ముడన్నావుగా?"

కర్ర దెబ్బ రైసీబె భుజం మీద పడింది. పడిపోయింది. చెవి పక్క నుంచి కాళ్ళు పరుగెత్తుతున్నాయి. పెట్రోలు వాసన. వెనక గదికి చెక్క తలుపు, దానికి బయట తీగ చుట్టి ఉంది. "తియ్యండి! ముందు ఆ తలుపు తియ్యండి!" అంటూనే ఉంది. తియ్యడానికి ఒక్కడికీ ధైర్యం లేదు. తగలబెట్టడానికి అందరికీ ఉంది.

గడ్డి కప్పు ఒక్క ఊపిరిలో అంటుకుంది.

అప్పుడు... గది లోపల నుంచి... ధడ్.

మళ్ళీ... ధడ్.

"ఆ..."

జనం ఒకడుగు వెనక్కి వేశారు. "మేకలు," అని గుసగుసగా అన్నాడు లెసిబా. "మేకలేరా."

మేకలన్నీ కంచెకి కట్టేసి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. పలుపులు బిగుసుకునేలా మెడలు చాచి, ఆ గదినే చూస్తున్నాయి.

అవ్వ పాకింది. విరిగిన మోచెయ్యి ఈడ్చుకుంటూ, మట్టిలో రాసిన మాట మీదుగానే పాకింది. గేటు వైపు కాదు. మంట వైపు. జనం పక్కకి తప్పుకున్నారు. చెక్క తలుపుకి ఇంకా రెండు బారల దూరం ఉండగానే తీగ తెగింది. తలుపు లోపలికి తెరుచుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళింది. కప్పు కూలింది.

సోమవారానికి పోలీసులు లెసిబానీ, మరో నలుగురినీ పట్టుకెళ్ళారు. బూడిద జల్లెడ పట్టారు. ఒక్క మనిషి ఎముకలే దొరికాయి, ముసలి ఎముకలు. "మీరేం చూశారు టీచరమ్మా?" అని వాళ్ళ ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. ఆవిడ నోరు తెరిచింది. నాలుక కదల్లేదు. అతను ఏమీ రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం బడి మధ్యలో వదిలేసి, రైసీబె ఆ గది ఉన్న చోటికి వెళ్ళింది. కాలిన గడ్డి వాసన ఇంకా పోలేదు. ఒక మూల, దూలం కింద, సొట్టపడ్డ రేకు పెట్టె. మూత ఊడిపోయింది. లోపల బడి నోటుపుస్తకం, అంచులు మాడి, పైనంతా మసి.

అట్ట మీద మటోమె పేరు.

మొదటి పేజీలో తేదీ రెండేళ్ళ కిందటిది. పైన వాడి రాత: *అక్కా, తలుపు తియ్యి.* చివర సున్నా. కింద అదే వాక్యాన్ని పిచ్చుక కాళ్ళ గీతల్లో అవ్వ రాసింది. ఆదివారాలు కలుపు తియ్యడంతో పాటు వాడు చేసిన పని ఇదన్నమాట. గురువు తిరగేసి రాశాడు, శిష్యురాలూ తిరగేసే నేర్చుకుంది. పేజీ తరవాత పేజీ, పిచ్చుక కాళ్ళు అక్షరాలవుతున్నాయి. రైసీబె అక్కడే, బూడిదలో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ట్రాలీ బోల్తాపడ్డ వారంతో పాఠాలు ఆగాయి. ఒక పేజీ ఖాళీ.

తరవాతి పేజీ తిప్పింది.

తేదీ, మటోమెని పాతిపెట్టిన పదో రోజుది. అవ్వ రాసిన రెండు వాక్యాలు. వాటి పక్కన దిద్దిన టిక్కు గుర్తు. కింద ఇంకో రాత, చిన్నది, పెన్సిలు నొక్కి రాసింది.

*బాగుంది అవ్వా. ఇంకోసారి రాయి.*

చివర చుక్క బదులు... సున్నా.

ఆవిడ తేదీ మళ్ళీ చూసింది. పేజీలు తిప్పింది. ప్రతి వారం తేదీ. ప్రతి వారం పాఠం. ప్రతి వారం ఆ టిక్కు, ఆ సున్నా. పధ్నాలుగు నెలలు... చివరి పాఠం మొన్న శుక్రవారానిది. అవ్వ జాంబీ మాటలన్నీ ముందు ఇక్కడ చిత్తుగా రాసుకుంది. కింద, ఆ చిన్న రాతలో:

*ఒక్క తప్పు లేదు. రేపు అక్కకి చూపిద్దాం.*

పొగమంచు కంచె దాటి లోపలికొస్తోంది. కట్టేసిన మేకలని ఎవరూ విప్పలేదు. అవన్నీ తలలెత్తి ఆవిడ వెనక్కి చూస్తున్నాయి.

ఆవిడ తిరిగి చూడలేదు. ఇంకో పేజీ తిప్పింది.

మంటకి ఆ పేజీ నల్లగా మసిబారింది. అందులో ఒకే ఒక్క మాట. *సెసి.* రెండు అక్షరాలూ తిరగబడి ఉన్నాయి. చివర చిన్న సున్నా.

కొంగుతో మసి తుడవబోయి ఆగిపోయింది.

పెన్సిలు గీత మసి కింద లేదు. మసి మీద ఉంది.