పరీక్ష చెయ్యని సంతకం

పొద్దున్నే వంటింట్లో ఇత్తడి బిందె దబ్బున పడింది. మంగతాయారు కుళాయి మీంచి చెయ్యి లాక్కుని వెనక్కి గెంతింది.

"మళ్ళీ షాకు కొట్టిందండి," అంది.

"నాకు కొట్టని షాకు నీకే ఎందుకు కొడుతుందే? ఒళ్ళు వంగక వేషాలు," అంది అత్తగారు మాణిక్యాంబ. కోడలు వచ్చాక ఆవిడ ఆ కుళాయి ముట్టిందే లేదు.

వరండాలో ఉన్న మామగారు వెంకటరాఘవయ్యకి ఒళ్ళు మండింది. ఆయన తెనాలిలో పాతికేళ్ళుగా లైసెన్సున్న వైర్‌మన్. కొత్త ఇంటికి కరెంటు ఇవ్వాలంటే వైరింగు పరీక్షించి ఆయనలాంటివాళ్ళు సంతకం పెట్టాలి. ఈ ఇంటి వైరింగు అరవై ఆరులో ఆయన స్వయంగా చేసిందే. ఆరేళ్ళయింది.

"నా పనికే వంక పెడతావా? బాపట్లలో మీ నాన్న నేర్పాడా ఇది?"

"మా నాన్న ఊసెత్తకండి మావయ్యగారూ. వాన పడ్డప్పుడల్లా కొడుతోంది. నేను చచ్చాక నమ్ముతారా?"

"రేపల్లెలో ఉన్న నా కొడుక్కి ఇవాళే ఉత్తరం రాస్తాను. నిన్ను పుట్టింట్లో దింపిపోతాడు."

"రాయండి. ముందు పరీక్ష చెయ్యండి."

కోడలి అబద్ధం అందరిముందూ తేల్చాలని ఆయన వైరింగు పరీక్షించే మెగ్గర్ పెట్టె తెచ్చాడు. మెయిన్ ఆపి, బల్బులు తీసి, ఒక తీగ వైరుకీ మరొకటి కుళాయి గొట్టానికీ తగిలించి పిడి తిప్పాడు. వైరు తొడుగు బాగుంటే ముల్లు సున్నాని వదిలి దూరం జరగాలి. జరగలేదు.

ఒక్కో గది వైరు విడదీసి చూశాడు. హాలు బాగుంది. పడగ్గది బాగుంది. వంటింటి దగ్గర ముల్లు మళ్ళీ పడిపోయింది. గోడ మీద వైరు బిగించిన చెక్కబద్ద ఊడదీస్తే, తను కొట్టిన మేకే తొడుగు చీల్చుకుని గోడలోకి దిగి ఉంది. గోడ నానితే కరెంటు గొట్టానికి పాకుతోంది.

"ఆరోజు పరీక్ష చెయ్యలేదు," అన్నాడు తలెత్తకుండా. "మనిల్లే కదా అని సంతకం పెట్టేశాను."

"ఇంకెవరింటికి అలా పెట్టారండి?" అంది మంగతాయారు.

ఆయన మెగ్గర్ తీగలు చుట్టసాగాడు. "నందివెలుగులో మా చెల్లెలు కాంతమ్మ ఇంటికి."

"అక్కడ పసిపిల్లలున్నారండి."

ఆయన వంటింటి ఫ్యూజు పీకేసి, మెగ్గర్ సైకిలుకి కట్టుకుని వానలోనే బయల్దేరాడు.

సాయంత్రం తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. "అక్కడ బాగానే ఉందమ్మా," అని కోడలి ముందు కూలబడి ఏడ్చాడు. "ఇక్కడే, నిన్నే చంపుకునేవాణ్ణి."

మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగతాయారు ఇన్నాళ్ళూ పడ్డ మాటలు అంత తేలిగ్గా పోయేవి కావు. అయినా ఆమె కళ్ళు తుడుచుకుని, విస్తరి వేసి అన్నం వడ్డించింది.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. లేవండి, మావయ్యగారూ," అంది.