చేటలో పడ్డ నవ్వు

వియ్యపురాలి ముక్కు మీద కట్టిన పాట చేటలో పడగానే ముల్లు గిలగిల్లాడింది. నీలవేణి అలవాటుగా "నొప్పి ఉంది" అంది. పాటలోంచి ముక్కు పోయింది. ఆ వెనకే వియ్యపురాలి నడక పోయింది, ఆవిడ రహస్యంగా తిన్న అరిసెల సంగతి పోయింది. ఏనుగులా లోపలికి వెళ్ళిన పాట దోమలా బయటికొచ్చింది. చివరికి మిగిలింది పాడినావిడ దగ్గు ఒక్కటే. ఆ దగ్గు కూడా ఎవరినో వెక్కిరిస్తోందేమోనని చేట మరోసారి విని, అనుమానంగానే వదిలిపెట్టింది.

సామర్లకోట చేటశాలలో, హాస్యాన్ని చెరిగే ఆ యంత్రం ముందు, పొద్దుటి పని అలాగే నడిచేది. పాత సినిమాల హాస్యం, పాత ప్రకటనలు, పెళ్ళిపాటలు, ఒకప్పుడు జనం దేనికి నవ్వుకున్నారో అదంతా వరసగా వచ్చి పడేది. ఎవరిని చూసి నవ్వారో ఆ గురిమనిషి బతికుంటే పిలిపించి, మణికట్టుకు నాడిపట్టీ కట్టి, తన మీది హాస్యం తనకే చూపించేవారు. ముల్లు ఎర్రగీత దాటితే నొప్పి ఉందా అని చేట అడిగేది, పనిలో ఉన్నవాళ్ళు నోటిమాటతో ఖాయం చేసేవారు. అంతటితో ఆ ముక్క లోకంలో ఎక్కడెక్కడ దాగి ఉన్నా తాలులా ఎగిరిపోయేది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వియ్యాలవారు పరీక్ష రాయడానికి వచ్చినట్టు కూర్చుంటున్నారు. సబ్బుల ప్రకటనల్లో సబ్బు ఒక్కటే కనిపిస్తోంది, అదీ ఒళ్ళు దాచుకుంటూ.

నీలవేణికి ఈ పనంటే గౌరవం. అందుకు కారణం వాళ్ళ నాన్న. ఆయన పేరు భద్రాచలం. పేరు కొండంత, మనిషి తలుపు గొళ్ళెం అందనంత. వయసులో ఉండగా ఒక పళ్ళపొడి ప్రకటనలో వేశాడు. పొట్టి మొగుడు పొడుగు పెళ్ళానికి తన పళ్ళ మెరుపు చూపించాలని స్టూలు ఎక్కుతాడు. స్టూలు ఒరుగుతుంది. మొగుడు వెళ్ళి పిండి గంగాళంలో పడతాడు. అంతే ప్రకటన. ఏళ్ళతరబడి ఊరూరా ఆడింది. బడిలో పిల్లలు నీలవేణి ముందు స్టూలు పెట్టి, పళ్ళపొడి పొట్టోడి కూతురా, ఎక్కి చూపించమనేవారు. అప్పటినుంచీ ఆ ప్రకటన ఎక్కడ కనబడినా, స్టూలు ఒరగడం మొదలవగానే ఆపేసేది. ఇంట్లో తండ్రి పెట్టుకుంటే లేచి బయటికి పోయేది. కొన్నాళ్ళకి ఆయన ఆమె ఉన్నప్పుడు పెట్టడం మానేశాడు.

ఆ ప్రకటనను చేటకు పంపింది నీలవేణే. నాన్నకు చెప్పలేదు. జన్మంతా మోసిన అవమానాన్ని ఒక్క మాటతో దింపేద్దామనుకుంది. ఆ రోజు రానే వచ్చింది.

భద్రాచలం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చాడు. శాల పెద్ద ఇస్మాయిల్ గారు కుర్చీ చూపిస్తే, స్టూలు లేదాండీ, నాకదే అలవాటు అన్నాడు. ఇస్మాయిల్ గారు పెదవి కొరుక్కుని, తన నవ్వు ఏ ముల్లుకైనా తగిలిందేమోనని చుట్టూ చూశారు.

నీలవేణి తండ్రికి పట్టీ కట్టింది. తెర మీద కుర్ర భద్రాచలం స్టూలెక్కాడు. ముల్లు కొంచెం కదిలింది. స్టూలు ఒరిగింది. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది కానీ చివరిదాకా చూపించాలన్నది శాల నియమం. చెయ్యి వెనక్కి తీసుకుంది. భద్రాచలం గంగాళంలో పడ్డాడు, పిండి లేచింది. ముల్లు గీత ఇవతలే ఆగింది.

అప్పుడు ప్రకటనలోనే, కెమెరా వెనకనుంచి ఒక ఆడమనిషి నవ్వింది. ఆపుకోబోయి, ఆపుకోలేక, ముక్కుతో బుస్సుమని, మళ్ళీ మొదలుపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ముల్లు గీత దాటి, అంచుకి కొట్టుకుని వణికింది. ముసలాయన కళ్ళు కారిపోతున్నాయి.

"ఎవరు నాన్నా అది?"

"మీ అమ్మ."

నీలవేణి పాకే వయసులో ఉండగా పోయింది రాజ్యం. వియ్యాలవారిని ఎకసెక్కాలాడే పాటల్లో ఆవిడ తరవాతే ఎవరైనా. తమను తిట్టించుకోవడానికి జనం పొరుగూళ్ళనుంచి బండి పంపేవారు. ఆ పాటలన్నీ చేట వచ్చిన మొదటి ఏడే తాలులో పోయాయి. ప్రకటన తీసిన రోజు మొగుడికి క్యారేజీ పట్టుకొచ్చి, ఆయన పడడం చూసి నవ్వింది. తీసినాయన ముచ్చటపడి ఆ నవ్వు ఉంచేశాడు. ఆవిడ గొంతు ఇక లోకంలో మిగిలింది అదొక్కటే.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ ఆఖరుదాకా ఉండలేదు కదమ్మా."

నొప్పి ఉందా అని చేట అడిగింది. నీలవేణి తండ్రి వైపు తిరిగింది. దీన్ని పంపింది తనేనని తండ్రికి చెప్పింది. ఆయన కోప్పడలేదు, తల ఊపాడంతే. నవ్వొక్కటీ కోసి ఇవ్వచ్చా అని ఆమె ఇస్మాయిల్ గారిని అడిగింది.

"నేను పడకుండా ఆవిడెందుకు నవ్వుద్దే?" అన్నాడు భద్రాచలం.

"అందరూ నిన్ను చూసి నవ్వితే నొప్పెయ్యలేదా నాన్నా?"

"ఎందుకెయ్యదూ. బజార్లో వేసేది. నిన్ను బళ్ళో ఏడిపించారంటే అన్నం సయించేది కాదు. ఇది ఆ నొప్పి కాదమ్మా. ఇది నాకుండనీ."

చేట మళ్ళీ అడిగింది. నొప్పి లేదంటే అబద్ధమని ముల్లే చెబుతుంది. ప్రకటన పక్క బల్లకు పోతుంది, అక్కడివాళ్ళు ఉందంటారు. నీలవేణి తండ్రి మణికట్టు పట్టుకుంది.

"ఉంది," అంది. ముసలాయన తల వాలిపోయింది. "ఉండనీ," అంది నీలవేణి మళ్ళీ.

అలాంటి జవాబు చేట ఎన్నడూ వినలేదు. మళ్ళీ అడిగింది. ఆమె మళ్ళీ అదే చెప్పింది. కొత్త మాట ఏది విన్నా మిగతా చేటలకు నేర్పడం దాని గుణం. ఇదీ నేర్పింది. వరసలో ముళ్ళు ఒకటొకటే నిలిచిపోయాయి. ఇచ్ఛాపురం మొదలు తడ దాకా చేటలన్నీ తమ ముందున్నవాళ్ళను అడగడం మొదలుపెట్టాయి, నొప్పి ఉంది, ఉండనివ్వాలా అని. ఇస్మాయిల్ గారి ఫోన్లు ఏకబిగిన మోగాయి. ఆయన ఒక్కటీ తియ్యలేదు.

తీర్పు తేలని ప్రకటన మళ్ళీ మొదలైంది. పిండి అంటని కుర్ర భద్రాచలం మళ్ళీ స్టూలెక్కాడు. నీలవేణి ఈసారి చూపు తిప్పుకోలేదు. స్టూలు ఒరిగింది. ముసలాయన వేలు పైకి లేచింది.

"ఇదుగో, ఇప్పుడు," అన్నాడు.

రాజ్యం నవ్వింది.