తలుపు మీది పచ్చ లైటు

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పెద్దాయన, తన గది పక్క తలుపు మీదున్న పచ్చ లైటు వంక చూడలేదు. మూడు రోజులుగా అది వెలగడం లేదు. ఆర్పింది ఆయనే. నలభై ఏళ్లు ఇళ్లకు వైరింగు చేసిన మనిషి. స్విచ్ లేని లైటు ఆయన దృష్టిలో గడియ లేని తలుపు. అందుకే తన గది పక్కనున్న బ్యాటరీ పెట్టె విప్పి, లైటుకు పోయే తీగకు ఓ స్విచ్ బిగించాడు.

ఈ వృద్ధాశ్రమం నడిపేది ఆయన కూతురే. ముప్ఫై గదులుండగా కన్నతండ్రికి నడవా చివర, బయటికి పోయే తలుపు పక్క గది ఇచ్చింది. ఆ కడుపుమంట ఏడాదిగా చల్లారలేదు.

పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన సంతకం పెడితేనే ఆశ్రమానికి లైసెన్సు. మెయిన్ ఆపించాడు. నడవా పొడుగునా దారి చూపే లైట్లు వెలిగాయి. చివరి తలుపు మీద మాత్రం చీకటి.

"కరెంటు పోయాక ఇది మూడు గంటలు వెలగాలండి. అసలు వెలగనే లేదు."

కూతురు పెట్టె మూత తీసింది. ఆ బిగింపు ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నాన్నా, ఏంటిది?"

"స్విచ్. రాత్రంతా ఆ వెలుగు కళ్లలో పడుతుంటే నిద్ర పట్టలేదు."

"తలుపేసుకోవచ్చుగా."

"వేసుకుంటే పలకరించే దిక్కుండదు. ఇప్పటికే చెప్పులు విడిచే చోట పడేశావు. మీ అమ్మ ఉంటే ఇలా చేసేదానివా?"

"అమ్మ ఉంటే నీ చేతికి స్క్రూడ్రైవరే ఇచ్చేది కాదు."

అధికారి నవ్వు మింగి, చేతిలోని కాగితం పెద్దాయనకు అందించాడు. "నిప్పంటుకుంటే ఎవర్ని ముందు బయటికి తేవాలో మేడం రాశారు. నడవలేనివాళ్లకే తలుపు పక్క గదులు. మొదటి పేరు మీదే."

పేరు పక్కన కూతురి చేతిరాత. 'ఎడమ మోకాలు వంగదు. కర్ర కోసం మళ్లీ లోపలికి పోతాడు. నేనే ఎత్తుకొస్తాను.'

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. తడి అద్దాలది కాదు.

"నువ్వు నన్నెత్తుతావా? అరవై ఎనిమిది కిలోలు."

"డెబ్బై నాలుగు. నెలనెలా తూచేది నేనే."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్విచ్ పీకేసి తీగలు నేరుగా కలిపాడు. తలుపు మీద పచ్చగా వెలిగింది.

"మూడు గంటలూ చూస్తారా?" అధికారిని అడిగాడు.

"చూడాలి కదండీ."

"అయితే కుర్చీ వేసుకోండి. అమ్మాయ్, నువ్వూ కూర్చో. ఏడాదిలో నా దగ్గర మూడు గంటలు కూర్చున్న పాపాన పోలేదు."

కూతురు ఫోన్ ఆపేసి, ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.