చుక్క పెట్టిన గడి

"నా పేరు ఎవనికి అమ్ముకున్నవ్?"

జడ్చర్ల బస్టాండు పక్కన కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్ల, వానకు తడిసి వచ్చిన అండాలు కూసోకుండనే అడిగింది.

సెంటరు నడిపే పర్వతాలు బిత్తరపోయిండు. "నేనెందుకు అమ్ముత?"

"ఫిరీ ఈమెయిలంటివి. పుట్టిన తేది, ఇంటి నంబరు, పెండ్లయిందా లేదా, అన్నీ రాయిస్తివి."

"చుక్క గుర్తున్న గడి నింపకుంటే ఫారం ముందుకు పోదు."

"ఫోన్‌కూ చుక్కనే ఉండె. మాకు ఫోనేడిది? ఊర్ల మక్సూద్ చాచా కిరాణం దుకాణం నంబరిచ్చిన. ఇప్పుడు రోజూ ఎవడో చేస్తుండు. 'అండాలుకు ఇరవై నిండినయ్ గద, పెండ్లి కాలే గద, బహుమతి వచ్చింది' అంటుండు. చాచా నడిబజార్ల నిలబడి కేకేస్తుండు. ఇంకొక్క ఫోనొస్తే కాలేజి బంద్ అన్నడు బాపు."

పర్వతాలు ముఖం వాడిపోయింది.

"మీ బాపు మేకలకు తుమ్మకొమ్మ వంచుతడు గద. ఉత్తగనేనా?"

"పాల కోసం."

"గిదీ గంతే. మెయిలు ఫిరీ. మన సంగతులే వాళ్లకు పాలు."

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నా సంగతంత నీకెర్క. నీ ఊరేదో కూడ నాకు ఎర్క లేదు!"

పర్వతాలు ఆమె మెయిల్లకెల్లి ఆ నంబరు తీసేసిండు. "ఇంతకుముందు పోయింది మాత్రం వాపస్ రాదు" అన్నడు తల ఎత్తకుండ.

మూడు రోజులు ఫోన్ మోగలే. నాలుగోనాడు మోగింది.

"అండాలూ! ఫోన్!" చాచా కేకేసిండు.

ఆమె గడప దాటేలోపే బాపు గుర్వయ్య దుకాణంల రిసీవర్ అందుకున్నడు.

"నా బిడ్డ సంగతి తర్వాత. నీదేవూరు? మీ నాయిన పేరేంది? నీకు పెండ్లయిందా? హలో?" గుర్వయ్య ఠక్కున పెట్టేసిండు. "పేరు చెప్పనోనికి నా మంద కూడ చూపియ్య. బిడ్డా, రేపటి సంది కాలేజి..."

అప్పుడే దుకాణం ముందర ఓ సైకిల్ ఆగింది. నిలువెల్ల తడిసిన పర్వతాలు దిగిండు.

"తప్పు ఆమెది కాదు పెద్దయ్యా, నాది" అని చుక్కల గడుల కాడికెల్లి అన్నీ చెప్పిండు.

"మా జాగా ఎట్ల దొరికింది?"

"ఫారం నింపంగ చూసిన."

గుర్వయ్య కండ్లు చిన్నగ చేసిండు. "నా ఇల్లు నీకెర్క, నా బిడ్డ నీకెర్క. మరి నువ్వెవలు?"

పర్వతాలు అంగీలకెల్లి కవర్ల చుట్టిన ఓ కాయితం తీసిండు. చేత్తో గీసిన గడులు, గడిగడికీ చుక్క. చదువురాని గుర్వయ్య దాన్ని బిడ్డ చేతిల పెట్టిండు.

"పేరు పర్వతాలు. వయసు ఇరవై నాలుగు. ఊరు ఆత్మకూర్. పెండ్లి కాలేదు..." అండాలు ఆగింది.

"ఆగినవేంది?"

"ఒక గడి ఖాళీ ఉంది బాపు." కాయితం మల్ల చూసింది. "'అండాలుకు ఇష్టమేనా' అని."

చాచా త్రాసు పట్టుకొనే నిలబడ్డడు.

"దానికి చుక్కున్నదా?" అడిగిండు గుర్వయ్య.

"ఉన్నది."

"నింపకుంటే ముందుకు పోదంట గద. చాచా, జర పెన్నియ్యి."

అండాలు రాసింది. అక్షరాలు వంకర పోయినయ్.

"ఏం రాసినవ్?"

"డిగ్రీ అయినంక అని, బాపు."

గుర్వయ్య పర్వతాలును పైకెల్లి కింది దాక చూసిండు, సంతల పొట్టేలును చూసినట్టు. తర్వాత బిడ్డ దిక్కు తిరిగిండు.

"గట్లయితే రేపు పొద్దుగాల బస్సు తప్పియ్యకు."